ఇంట్లో ఉండే పిల్లలు

నీళ్ళు మళ్ళీ పైపుకి అందకుండా పోయాయి. పెద్ద మోటారు తిరుగుతూనే ఉంది గానీ, పంపు ఉత్త గాలి మింగుతూ గరగరలాడుతోంది. ఫిట్టరు ఆ చప్పుడు వినగానే చేతిలో గ్లాసు కింద పెట్టి, వెళ్ళి స్విచ్చి ఆపాడు. గేజి ముల్లు వణుకుతూ వణుకుతూ సున్నా మీదికి వాలింది. ఎండలు ఇంకా ముదరనేలేదు. కిందటేడు ఈ పని నడివేసవికి గానీ రాలేదు.

"ఇంకో ముక్క దించాలి," అన్నాడు గ్రీజుతో.

గ్రీజంటే పంపుల బేరింగులకు గ్రీజు పెట్టే మనిషి. ఆ పనే పేరై కూర్చుంది. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. ఇద్దరి క్వార్టర్లూ పక్కపక్కనే, మధ్యన ఒక్క గోడ. గ్రీజు భార్య ఫిట్టర్ని నోరారా అన్నయ్యా అని పిలుస్తుంది. ఆ వరసన గ్రీజు అతన్ని బావా అంటాడు. ఫిట్టరు పెద్దగా నవ్వే మనిషి కాదు. ఆ పిలుపుకి మాత్రం ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

ఫిట్టరు రిజర్వాయరు దాటే వంతెన మీద గొలుసుకప్పీ దగ్గర నిలబడ్డాడు. గ్రీజు లుంగీ ఎగగట్టి, ఇనప నిచ్చెన మీంచి రిజర్వాయరు లోపల నీటి అంచుకి దిగాడు. నిరుడు ఈ రోజుల్లో అక్కడ మనిషి మునిగేంత నీళ్ళుండేవి. ఇప్పుడు మోకాళ్ళదాకా బురద. కొత్త పైపు ముక్క మెల్లగా దిగుతుంటే, గ్రీజు దాన్ని చంటిపిల్లని అందుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, పాత పైపు అంచుకి ఆనించి, మధ్యన రబ్బరు చక్రం పెట్టాడు.

"ఎదురెదురు బోల్టులు బిగించు. వరసన బిగిస్తే ఒక పక్కకి లాగేస్తుంది," పైనుంచి ఫిట్టరు.

"ఈ ముక్క పెళ్ళైన కాణ్ణించీ చెబుతున్నావు బావా."

"నీ పెళ్ళికి నేను రాలేదు."

"నా పెళ్ళి కాదు, పైపుల పెళ్ళి," అని గ్రీజు స్పానరు తిప్పాడు.

ఫిట్టరు తలెత్తి చూశాడు. నీటి చుట్టూ పాలు కాచిన గిన్నెలో చారల్లాగా, ఏటేటా దిగిన మట్టాల గీతలు రాళ్ళ మీద కనబడుతున్నాయి. అవతలి గట్టున కంచె వేసిన వాలు. ఆ వాలు మీద ఒక్క చెట్టు కొట్టినా మన్ను జారి నీళ్ళలోకి వస్తుందని అక్కడ ఎవర్నీ అడుగుపెట్టనివ్వరు. ఇవతలి గట్టున కాలనీ. ఫిట్టరు పనిలో చేరినప్పుడు రెండే వరసల ఇళ్ళు. ఇప్పుడు ఐదు వరసలు, ఆరోదానికి పునాదులు తవ్వుతున్నారు. దిగువన పట్నం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎటు చూసినా కొత్త కప్పులే. 'నీళ్ళు కనవు, మనుషులు కంటారు' అన్నది ఫిట్టరు మాట. ఆ మాట పదిమందిలో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు గానీ, అన్నవాడు ఆచరించాడు కూడా. కూతురు పుట్టిన ఏడే వెళ్ళి ఆపరేషను చేయించుకు వచ్చాడు. అందుకే అతని మాటకి కాలనీలో విలువుంది, వెనకాల నవ్వుకునేవాళ్ళున్నా.

పైపు బిగింపు అయ్యేసరికి కాలనీ గుమాస్తా గొడుగేసుకుని వంతెన మీదికి వచ్చాడు.

"ఫిట్టరుగారూ, మీ నోరు మంచిది. కాలనీ మీటింగులో మీరన్నది పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఇంట్లో ఇద్దరికి మించి పిల్లలుంటే క్వార్టరు ఖాళీ చెయ్యాల్సిందే. కొత్తవాళ్ళకే కాదు, ఉన్నవాళ్ళకీ."

"ఉన్నవాళ్ళకి కూడానా?"

"మరి. రేపణ్ణించి ఇంటింటికీ వచ్చి చూస్తాం." గుమాస్తా కిందికి వంగి బురదలోని గ్రీజుని చూసి, గొడుగు భుజం మార్చుకుని వెళ్ళిపోయాడు.

గ్రీజు నిచ్చెనెక్కి వచ్చి, కాళ్ళ బురద గీక్కుంటూ కూర్చున్నాడు.

"మా ఇంట్లో ఎంతమంది కింద లెక్క బావా?"

"నీకు ఒక్కడే గదా."

"కన్నది ఒక్కణ్ణే. నీ పక్కమంచం మీదే గదా పడుకున్నాను ఆపరేషనుకి. డాక్టరు లోపలికి రమ్మంటే నువ్వు ముందెళ్ళు బావా, నువ్వు ముందెళ్ళు అని మనిద్దరం తలుపు దగ్గర మర్యాదలు చేసుకున్నాం." నవ్వాడు. తర్వాత కాలి వేళ్ళ మధ్య బురద తీసుకుంటూ, "ఉన్నది నలుగురు," అన్నాడు.

మిగతా ముగ్గురూ అతని అక్క పిల్లలు. అక్కా, అక్క మొగుడూ ఒకే ప్రమాదంలో పోతే తెచ్చిపెట్టుకున్నాడు. ఫిట్టరుకి ఆ సంగతి తెలియనిది కాదు. పొద్దున లేస్తే ఆ పిల్లలు తన గడపలోనే తిరుగుతారు. కానీ నిజం చెప్పాలంటే, మీటింగులో లేచి మాట్లాడిన రోజున వాళ్ళు అతని మనసులోకే రాలేదు. అతని లెక్కలో గ్రీజుకి ఒక్కడే కొడుకు.

"నీ సంగతి వేరు. అందరికీ తెలిసిందే. నిన్నెవరూ ఏమీ అనరు," అని ఫిట్టరు లేచి స్విచ్చి వేశాడు. పంపు ఒకటి రెండుసార్లు దగ్గి, నీళ్ళందుకుంది.

*

ఇళ్ళు చూసి వెళ్ళిన మర్నాడు పొద్దుటే గ్రీజు తలుపుకి కాగితం అంటించి ఉంది. కాలనీ మొత్తం మీద ఐదిళ్ళకి అంటించారు. వారంలోగా ఖాళీ చెయ్యాలి.

ఫిట్టరు డ్యూటీ దిగి, చేతులు కిరసనాయిలుతో తుడుచుకుని, నేరుగా ఆఫీసుకి వెళ్ళాడు. గుమాస్తా ఎదురొచ్చి కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు.

"గ్రీజు తలుపుకి పొరపాటున అంటించారు," అన్నాడు ఫిట్టరు కూర్చోకుండానే.

"పొరపాటేం లేదండీ. లోపల నలుగురున్నారు. మా మనిషి కళ్ళారా చూశాడు."

"వాడు కన్నది ఒక్కణ్ణి."

గుమాస్తా జాలిగా చూశాడు. "ఫిట్టరుగారూ, ఆ రోజు మీటింగులో నేను 'కన్న పిల్లలు' అనే రాయబోయాను. ఆపింది మీరు. కన్నవాళ్ళని రాస్తే ఈడు మా మరిది కొడుకు, ఆడు మా మేనల్లుడు అని చెప్పి తప్పించుకుంటారు, 'ఇంట్లో ఉండే పిల్లలు' అని రాయండి, సందనేది ఉండకూడదు అన్నారు. ఇంజనీరుగారు భేష్ అన్నారు కూడా. గుర్తుందా?"

గుర్తుంది. ఆ మాట తట్టినందుకు ఆ పూట ఇంటికి వెళ్ళి భార్యతో చెప్పుకున్నాడు కూడా.

"మరి నీకో?" అన్నాడు ఫిట్టరు, ఎందుకన్నాడో తనకే తెలీదు. "నీకు ఐదుగురు."

"దేవుడిచ్చిన ఐదుగురు," అన్నాడు గుమాస్తా ఏమాత్రం నొచ్చుకోకుండా. "ఇద్దరికి పెళ్ళిళ్ళయ్యాయి. ఇద్దరు హాస్టల్లో. ఇంట్లో ఉండేది కడగొట్టువాడు ఒక్కడే. మీ మాట నా పాలిట వరమైంది, దాచుకోవడమెందుకు."

లోపల ఇంజనీరు చాలా మర్యాదగా మాట్లాడాడు. అతనికి ఫిట్టరంటే గౌరవమే. పైపు ముక్క దించారట గదా, ఎన్నాళ్ళు ఆగుతుంది అని అడిగాడు. వానలు పడకపోతే ఇంకోటి దించాలి అన్నాడు ఫిట్టరు. ఆ తర్వాత దించడానికి లోతు లేదు.

"చూశారా మరి," అన్నాడు ఇంజనీరు. "మీ బాధ నాకర్థమైంది. కానీ ఒకరికి సడలిస్తే మిగతా నలుగురూ వచ్చి ఇక్కడ కూర్చుంటారు. ఒకాయన తన తమ్ముడి పిల్లలంటాడు. ఇంకొకాయన పెంపకం అంటాడు. నేను ఎవరి పుట్టుక అని తవ్వుకుంటూ కూర్చోను? సందుంటే దూరతారని మీరే అన్నారు."

ఫిట్టరు అవునన్నట్టు తలూపాడు. అలవాటుగా ఊపిన తల అది. ఎదటివాడు సరిగ్గా మాట్లాడుతుంటే ఒప్పుకోవడం అతని స్వభావం. బయటికొచ్చి ఎండలో నిలబడ్డాక గానీ తను దేనికి తలూపాడో తెలిసి రాలేదు.

*

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలో కూర్చుని చిట్టిదానికి తల దువ్వుతోంది. చిట్టిది గ్రీజు అక్క పిల్లల్లో చివరిది. దాని జుట్టు ఉంగరాలు తిరిగి చిక్కులు పడుతుంది. ఆ చిక్కులు నొప్పి పుట్టకుండా తీయడం పిన్నికొక్కదానికే తెలుసని దాని నమ్మకం. పిన్నంటే ఫిట్టరు భార్యే. గ్రీజు ఆవిడకి అన్నయ్య వరస కదా, ఆ అన్నయ్య అక్క పిల్లలకి ఆవిడ పిన్ని అవుతుంది. ఎవరూ నేర్పకుండానే పిల్లలు ఆ వరస పట్టేశారు.

జడ వేసి దాన్ని పంపించాక, భార్య దువ్వెనలో వెంట్రుకలు వేలికి చుట్టుకుంటూ అడిగింది, "ఏమన్నారు?"

"కుదరదన్నారు."

ఆవిడ లోపలికి వెళ్ళి కంచం పెట్టింది. అతను తిన్నాడు. కూతురు అమ్మలు బయట అందరితో కలిసి ఒంటికాలి మీద గెంతుతూ ఆడుతోంది. దాంతో పాటు గ్రీజు కొడుకు, పెద్దపిల్ల, నడిపివాడు, జడ ఊపుకుంటూ చిట్టిది. ఫిట్టరు చెయ్యి కడుక్కుని వచ్చి గడప మీద కూర్చుని వాళ్ళనే చూశాడు. చూస్తూ చూస్తూ లెక్కలోకి దిగాడు. అతని మనసు అలాంటిది. ఎక్కడ నొప్పి ఉన్నా అక్కడికి ఒక లెక్క పంపిస్తుంది.

రెండిళ్ళు. ఇంటికి ఇద్దరు. మొత్తం నలుగురికి చోటుంది. పిల్లలు ఐదుగురు. చిట్టిదాన్ని తమ ఇంట్లో పెట్టుకుంటే అక్కడ ముగ్గురు మిగులుతారు. నడిపివాణ్ణి తెచ్చుకుంటే అప్పుడూ ముగ్గురే. ఎవర్ని ఎటు జరిపినా ఒకరు మిగులుతున్నారు. ఆ మిగిలినవాళ్ళ కోసం అతను దగ్గర బంధువులెవరైనా ఉన్నారా, హాస్టలు ఉందా అని వెతికాడు.

"ఒకరు ఎక్కువవుతున్నారు," అన్నాడు వెనకాల అడుగుల చప్పుడు విని.

భార్య చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆగింది. "ఆ ఒక్కరూ ఎవరో కూడా మీరే చెప్పండి."

అతను ఆడుతున్న పిల్లల వైపే చూస్తున్నాడు.

"ఇంకొకర్ని కందామని నేనడిగినప్పుడు మీరు నన్ను వంతెన మీదికి తీసుకెళ్ళి ఆ రాళ్ళ మీద గీతలు చూపించారు. నేను ఏడ్చాను, నిజమే. కానీ మీరన్నది తప్పనలేదు. ఇప్పుడూ అనను. పుట్టబోయేవాళ్ళని వద్దన్నారు, సరే. పుట్టినవాళ్ళని ఏం చేద్దామని?" ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ ముగ్గుర్నీ అన్నయ్య తేకపోతే భూమ్మీద ముగ్గురు తక్కువయ్యేవాళ్ళా? ఎక్కడో ఉండేవాళ్ళు. ఎక్కడో తాగేవాళ్ళు."

"రూలు రూలే గదా. నేనే చెప్పి నేనే తప్పితే..."

"మీ మాట నిలబడాలి. అంతేగా," అని ఆవిడ ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళింది.

ఆ మిగతా రోజులన్నీ ఆవిడ అతనితో అవసరమైన మాటలే మాట్లాడింది. ఉప్పు అయిపోయిందనీ, అమ్మలుకి చెప్పులు తెగాయనీ. గ్రీజు మాత్రం పనిలో ఎప్పటిలాగానే ఉన్నాడు. పంపు గ్లాండులో నీళ్ళు కారకుండా చుట్టే తాడు మార్చేటప్పుడు ఫిట్టరు రెండుసార్లు నోరు తెరవబోయి ఊరుకున్నాడు. మూడోసారి గ్రీజే అన్నాడు.

"నువ్వు ఆఫీసుకి వెళ్ళావట గదా. గుమాస్తా చెప్పాడు. ఎందుకు బావా నీకా తంటా. వాళ్ళు తప్పేమీ చెయ్యలేదు. రాసినదాని ప్రకారం నడుచుకుంటున్నారు."

"ఎక్కడికి వెళ్తారు?"

"మా ఆవిడ తరఫు బంధువులున్నార్లే. పట్నంలో ఇల్లు చూశాం. నలుగురు పిల్లలనగానే తలుపు మూస్తున్నారు, ట్యాంకరు నీళ్ళు చాలవని. అక్కడా నీలాంటి లెక్కలాయన ఎవడో ఉండుంటాడు." అని నవ్వి, నూనె గుడ్డతో ఫిట్టరు చేతిలో స్పానరు తీసుకుని తుడిచి ఇచ్చాడు.

ఖాళీ చేసిన రోజున ఒక తోపుడుబండి సరిపోయింది. సామాను పైన పరుపు, పరుపు మీద బోర్లించిన బకెట్లు. పెద్దపిల్ల ఖాళీ గదులు ఊడ్చి, చెత్త ఎత్తిపోసి, చీపురు బండి మీద పడేసింది. పోయే ఇల్లు ఊడవడమెందుకే అని గ్రీజు భార్య అంటే, రేపొచ్చేవాళ్ళు మనల్ని తిట్టుకోకూడదు అత్తయ్యా అంది. పదేళ్ళు నిండని పిల్ల. ఫిట్టరు బండి వెనక చెయ్యి వేసి కాలనీ గేటుదాకా తోశాడు. అక్కడ గ్రీజు, "ఇక చాల్లే బావా, ఎత్తు దాటాం," అన్నాడు. చిట్టిది బకెట్ల మధ్య కూర్చుని వెనక్కి చూస్తూ పోయింది. ఫిట్టరు భార్య గేటుదాకా రాలేదు.

*

ఆ తర్వాత గ్రీజు డ్యూటీకి రావడం ఒక్కరోజూ మానలేదు. కానీ కాలనీ రోడ్డున కాకుండా వంతెన మీంచి వచ్చేవాడు. చెప్పులకు ఎర్రమన్ను, చొక్కాకి పొగ వాసన. అటు దగ్గరదారి అన్నాడు. ఫిట్టరు నమ్మినట్టు ఊరుకున్నాడు.

మూడు రోజులకి ఒక చిన్న జల్లు పడింది. ఎండాకాలపు జల్లు, నేల తడిసీ తడవనట్టు. మర్నాడు పంపు మళ్ళీ నీరసించింది. ఇద్దరూ పైపు మూతికి ఉండే జల్లెడ పైకి లాగి చూస్తే దాని నిండా చెక్కపేళ్ళు, పచ్చి ఆకులు, గుజ్జులాంటి ఎర్రమన్ను. ఇన్నేళ్ళ సర్వీసులో ఫిట్టరు ఆ జల్లెడలో నాచు చూశాడు, చచ్చిన చేపలు చూశాడు. పచ్చి చెక్కపేడు ఎప్పుడూ చూడలేదు. ఒకటి తీసి వేళ్ళతో నలిపాడు. గొడ్డలి గాటు ఇంకా తెల్లగా ఉంది.

లేచి అవతలి వాలుకేసి చూశాడు. చెట్ల నడుమ అరచేయంత మేర గుండు కొట్టినట్టుంది. అక్కడ గుడారాల్లా కట్టిన మూడు నీలం పట్టాలు. వాటి మీంచి సన్నగా పొగ. ఆ కిందనుంచి నీటిదాకా మన్ను జారిన ఎర్రటి గీత.

గ్రీజు కూర్చున్నచోటే కూర్చుని బ్రష్షుతో జల్లెడ తోముతున్నాడు. తల ఎత్తలేదు.

"అదేనా బంధువులిల్లు?"

"అదే బావా."

"మిగతా రెండు?"

"ఖాళీ చేయించిన ఐదిళ్ళలో ఇంకిద్దరు. ఎవరికీ ఎక్కడా దొరకలేదు." కాసేపు తోమి, "చెట్లు కొట్టింది నేనే. నలుగురు పడుకోవాలంటే అంత చోటు కావాలి గదా. కొట్టేటప్పుడు నువ్వే గుర్తొచ్చావు. బావ చూస్తే గుండె ఆగిపోతుందనుకున్నాను," అన్నాడు.

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అదే ఫిట్టరుకి భరించడం కష్టమైంది. తిట్టినా బాగుండేది. ఇద్దరూ కలిసి జల్లెడ తోమి, పైపుకి తొడిగి, నీళ్ళలోకి దించారు.

డ్యూటీ దిగాక ఫిట్టరు గ్రీజు వెనకాలే వంతెన దాటాడు. కంచెకి ఒకచోట తీగ వంచి దారి చేశారు. వాలు ఎక్కుతుంటే కాలి కింద మన్ను జారుతోంది. చెట్టు ఉన్నచోట జారలేదు, కొట్టినచోటే జారుతోంది. అతను అది గమనించకుండా ఉండలేకపోయాడు.

పట్టా కింద గ్రీజు భార్య మూడు రాళ్ళ పొయ్యి ముందు కూర్చుని ఉంది. అతన్ని చూసి గబుక్కున లేచి, "అన్నయ్యా, రండి," అంటూ కూర్చోడానికి పరుపు మడత చూపించింది. బిందెలోంచి గ్లాసు ముంచి ఇచ్చింది. నీళ్ళు రిజర్వాయరువే. అడుగున ఎర్రమన్ను పేరుకుని ఉంది. ఫిట్టరు తాగాడు. గొంతులో మన్ను తగిలింది.

పెద్దపిల్ల ఎండుపుల్లలు విరుస్తోంది. నడిపివాడూ, గ్రీజు కొడుకూ కింది నుంచి నీళ్ళు మోసుకొస్తున్నారు. చిట్టిది లోపల పడుకుని ఉంది. దగ్గుతోంది. దాని జడ ఇల్లు ఖాళీ చేసే ముందు పిన్ని వేసినదే. విప్పనివ్వడం లేదట. అక్కడక్కడ ఊడి అట్ట కట్టింది.

"రేపో ఎల్లుండో కంచె కాపలావాళ్ళొచ్చి ఇక్కణ్ణించీ లేపుతారు," అన్నాడు ఫిట్టరు.

"లేపుతారు," అంది గ్రీజు భార్య. "ఇంకొంచెం పైకి వెళ్తాం. అక్కడ ఇంకో నాలుగు చెట్లు కొడతాం. ఏం చెయ్యమంటారు చెప్పండి. కిందికి రమ్మంటే వస్తాం. ఎక్కడికి రావాలో చెప్పండి."

అతని దగ్గర లెక్క లేదు. గ్లాసు వంచి అడుగున మన్ను చూశాడు. చిట్టిది దగ్గి దగ్గి లేచి కూర్చుని, అతన్ని చూసి, "పిన్ని వచ్చిందా బాబాయ్?" అంది.

"రాలేదు," అన్నాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, "మనమే వెళ్దాం," అన్నాడు.

గ్రీజు పొయ్యి దగ్గర్నుంచి చూశాడు.

"దీన్నీ, నడిపివాణ్ణీ నేను తీసుకెళ్తాను. నీ దగ్గర మీవాడూ, పెద్దపిల్లా ఉంటారు. ఇద్దరే. నీ క్వార్టరు ఇంకా తాళం వేసే ఉంది. రేపు పొద్దున వెళ్ళి తాళం చెవి అడుగు. ఇవ్వనంటానికి వాళ్ళకి మాట లేదు."

"మరి నీ దగ్గర ముగ్గురవుతారు గదా."

"అవుతారు."

"బావా, లెక్క తప్పావు."

"తప్పలేదు. చూసుకునే చెబుతున్నాను."

గ్రీజు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గ్రీజు లేచి పట్టా తాడు గట్టిగా ఉన్నదో లేదో చూస్తున్నట్టు అటు తిరిగాడు. వాళ్ళు వద్దంటారనీ, బతిమాలాల్సి వస్తుందనీ ఫిట్టరు అనుకున్నాడు. ఎవరూ వద్దనలేదు. వద్దనే ఓపిక వాళ్ళలో మిగల్లేదు. పెద్దపిల్ల పుల్లలు పడేసి వచ్చి, తమ్ముడి బట్టలూ చెల్లెలి బట్టలూ ఏరి ఒక గుడ్డసంచీలో పెట్టి, "రాత్రిళ్ళు దీనికి మంచినీళ్ళు పక్కన పెట్టాలి బాబాయ్, లేకపోతే లేచి ఏడుస్తుంది," అని అప్పగించింది.

చిట్టిదాన్ని భుజానికెత్తుకుని ఫిట్టరు వాలు దిగాడు. అది పెద్ద బరువు కాదు. నడిపివాడు సంచీ పట్టుకుని ముందు నడిచాడు. వంతెన మీదికి వచ్చేసరికి కాలనీ వాళ్ళు ఒకరిద్దరు చూశారు. ఎవరూ పలకరించలేదు.

ఇంటి ముందు భార్య బియ్యం ఏరుతోంది. చేటలోంచి తలెత్తి చూసింది. అతని భుజం మీది తలనీ, ఆ అట్ట కట్టిన జడనీ చూసింది. చేట పక్కన పెట్టి చేతులు చాచింది. అతను ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కుని వచ్చాడు గానీ, ఆవిడ అడగనే లేదు. పిల్లని అందుకుని, "ఒళ్ళు వెచ్చగా ఉంది," అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

*

గ్రీజుకి తాళం చెవి ఇచ్చారు. ఇవ్వడానికి గుమాస్తా రెండు రోజులు తిప్పుకున్నాడు, చివరికి ఇచ్చాడు. గ్రీజు ఖాళీ చేసిన వాలు చోట మిగతా ఇద్దరు తమ పట్టాలు కాస్త వెడల్పు చేసుకున్నారు.

మూడోనాడు గుమాస్తా తన మనిషిని వెంటబెట్టుకుని ఫిట్టరు గుమ్మంలోకి వచ్చాడు. ఫిట్టరు పనికి వెళ్ళబోతూ బూట్లకు తాడు కడుతున్నాడు.

"మీ ఇంటికి రావాల్సిన పని పడుతుందని నేను కల్లో కూడా అనుకోలేదు," అన్నాడు గుమాస్తా. లోపల అమ్మలు గట్టిగా పాఠం చదువుతోంది. నడిపివాడు వంత పాడుతున్నాడు. చిట్టిది గోడ వారన కూర్చుని గంజి తాగుతోంది. గుమాస్తా వాళ్ళని చూడనట్టే చూసి, గొంతు తగ్గించాడు. "చుట్టాలు వచ్చారని రాస్తాను. సెలవలకి వచ్చారు, పోతారు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అలాగే రాస్తాను. మీరు తలూపితే చాలు."

ఫిట్టరు రెండో బూటు తాడు ముడేసి లేచి నిలబడ్డాడు. "ఐదిళ్ళలో ఎవరికైనా ఇలా రాశావా?"

"వాళ్ళూ మీరూ ఒకటా?"

"చుట్టాలు కాదు. ముగ్గురూ మా ఇంట్లో ఉండే పిల్లలు. అలాగే రాసుకో."

"రాస్తే ఏమవుతుందో తెలుసుగా."

"ఆ మాట చెప్పిందే నేను."

గుమాస్తా పక్కనున్న మనిషి వంక చూశాడు. అతను కాళ్ళ వంక చూసుకున్నాడు. "మీరు లేకపోతే పంపులు ఎవరు చూస్తారండీ," అన్నాడు గుమాస్తా, కొంత కోపంగానే.

"ఉద్యోగం పోదుగా. క్వార్టరే పోతుంది. గ్రీజు ఎలా వచ్చేవాడో నేనూ అలాగే వస్తాను."

"ఇంతకీ జనం తగ్గాలన్నది తప్పంటారా ఇప్పుడు?"

ఫిట్టరు దానికి సమాధానం వెతికాడు. వంతెన మీంచి కనబడే గీతలు అలాగే ఉన్నాయి. నిన్నటికి ఇంకొకటి తేలింది. "తగ్గాలి," అన్నాడు. "దానికి వీళ్ళేం చేస్తారు."

వాళ్ళు వెళ్ళాక అతను తలుపు వారన నిలబడిపోయాడు. భార్య లోపల్నించి అంతా విన్నది. చిట్టిది ఖాళీ చేసిన గిన్నె తీసి, దాని మూతి తుడిచి, మామూలు గొంతుతో అడిగింది.

"ఎన్నాళ్ళు గడువిస్తారు?"

"వారం ఇస్తారు. నాకు నాలుగు రోజులు ఎక్కువిచ్చినా ఇవ్వొచ్చు."

ఆవిడ గది నలువైపులా ఒకసారి చూసింది. పొడవాటి చీలిక ఉన్న గోడ, దానికి తగిలించిన బట్టలు, కింద మూలన ఇంకా దొర్లుతున్న గుడ్డసంచీ.

"పనికి వెళ్ళేముందు ఈ గోడకి ఇంకో మేకు కొట్టి వెళ్ళండి," అంది. "వీళ్ళ బట్టలు తగిలించడానికి చోటు లేదు."

ఫిట్టరు పనిముట్ల పెట్టెలోంచి సుత్తి తీశాడు. మేకు కోసం వెతికాడు. గోడ పాతదే గానీ గట్టిది, మొదటి దెబ్బకి మేకు వంగింది. దాన్ని తీసి నేల మీద పెట్టి సాపు చేసి, మళ్ళీ కొట్టాడు.